పాత లారీ విప్పేటప్పుడు తుప్పు బోల్టులు, తల జారిన బోల్టులు తీయడం ఎలా?

"అన్నా, బోల్టు తల గుండ్రమైపోయింది, పానా పట్టట్లేదు. ఇప్పుడేం చేయాలి?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ముందురోజు సాయంత్రం ఏం చేయాలని అడిగేవాళ్లు తక్కువ. తుప్పు బోల్టు పనిలో సగం ముందురోజే అయిపోవాలి. అందుకే ఇక్కడ పానా పట్టక ముందు చేయాల్సిన పనులకు ఎక్కువ చోటిచ్చాను.

నా మనసులో ఉన్న బండి కోస్తాలో పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగిన ఆరు చక్రాల లారీ. భీమవరం వైపు చేపలు, రొయ్యలు తోలిన బండో, చినగంజాం ఉప్పు కొటార్ల నుంచి లోడెత్తిన బండో అనుకోండి. ఐసు కరిగిన నీళ్లు, ఉప్పునీళ్లు బాడీ సందుల్లోంచి కారి ఏళ్ల తరబడి ఛాసీ వెనక భాగం మీద, కమాను కట్టల (బరువు మోసే స్ప్రింగు పట్టీల) మీద పడి ఉంటాయి. మెట్ట ప్రాంతంలో కంకర తోలిన బండికి ఇంత తుప్పుండదు, మట్టి మాత్రం గట్టిగా పేరుకుని ఉంటుంది. పద్ధతి రెండింటికీ ఒకటే, నానబెట్టే సమయమే మారుతుంది.

1. ఏది మిగలాలో ముందు తేల్చుకోండి

ప్రతి బోల్టు దగ్గర మూడు ఉంటాయి: బోల్టు, నట్టు, మర ఉన్న బెజ్జం. మూడింటినీ కాపాడాలని చూస్తే మూడూ పోతాయి. బోల్టూ నట్టూ కొట్లో కిలో లెక్కన దొరుకుతాయి. సిలిండర్ హెడ్డులో, గేర్‌బాక్సు హౌసింగులో, హబ్బులో ఉన్న మర దొరకదు. కాబట్టి బెజ్జాన్ని కాపాడండి, బోల్టును వదులుకోండి.

సుద్దముక్క తీసుకుని బండి చుట్టూ ఒకసారి తిరగండి.

- ఇంటూ గుర్తు: కోసేసేవి. యూ బోల్టులు, బాడీ బోల్టులు, మడ్‌గార్డు బ్రాకెట్లు, బంపరు, సైలెన్సరు క్లాంపులు.
- సున్నా గుర్తు: ఓపికగా విప్పాల్సినవి. ఇంజను, గేర్‌బాక్సు, స్టీరింగు బాక్సు, హౌసింగు, హబ్బులు, ఎగ్జాస్టు మానిఫోల్డు.
- ప్రశ్న గుర్తు: అవతలి భాగం అమ్ముడుపోతుందో లేదో తెలియనివి. వీటిని చివరికి ఉంచండి.

ఇంటూ గుర్తు పెట్టిన బోల్టు మీద అయిదు నిమిషాలకు మించి ఖర్చు పెట్టకండి. ఆ సమయం సున్నా గుర్తువాటికి కావాలి.

కాగితాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆర్సీ రద్దు కాకముందే ఛాసీ నంబరు కొట్టిన ముక్కను కోయకండి, రుద్దకండి. బండి ఇక తిరగదనుకుంటే 14 రోజుల్లోపు రిజిస్టరింగు అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను చెబుతుంది. బండి మొత్తాన్ని తుక్కుకే ఇస్తున్నట్టయితే 2021 నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన స్క్రాపింగు కేంద్రానికి అప్పగించి, సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకోండి.

2. ప్రాణం తీసేవి ముందు తొలగించండి

తుప్పు బోల్టు విరిగితే పోయేది వంద రూపాయలో, వెయ్యి రూపాయలో. కింద రాసిన వాటిలో ఒకటి మరిచిపోతే మనిషే పోతాడు. ఈ జాబితా పూర్తి కాకుండా మొదటి నట్టు ముట్టుకోకండి.

- బ్యాటరీలు: ముందు నెగెటివు వైరు, తర్వాత పాజిటివు. బండి పక్కన కాదు, దూరంగా పెట్టండి.
- డీజిలు ట్యాంకు: మొత్తంగా దించేసి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకులో ఆవిరి మిగిలే ఉంటుంది. దానిమీద గ్యాసూ గ్రైండరూ రెండూ వద్దు.
- గాలి ట్యాంకులు: కింది డ్రెయిన్ తిప్పి పూర్తిగా ఖాళీ చేయండి.
- స్ప్రింగు బ్రేకు చాంబర్లు: లోపల వందల కిలోల బలంతో నొక్కి పెట్టిన స్ప్రింగు ఉంటుంది, గాలి ఖాళీ అయినా దాని బలం తగ్గదు. చాంబరు బిగింపు పట్టీ విప్పకండి, చాంబరును కోయకండి, వేడి చేయకండి. కేజింగ్ బోల్టుతో స్ప్రింగును బిగించి, చాంబరును పూర్తిగా అలాగే దించేయండి.
- టైర్లు: వాల్వు లోపలి పిన్ను తీసి గాలి దించండి. జంట చక్రాలుంటే రెండిటికీ దించాలి. ఆ తర్వాతే చక్రం నట్లు. లాక్ రింగు ఉన్న రిమ్ముల దగ్గర దీనికి మినహాయింపే లేదు.
- టైరు ఎక్కి ఉన్న రిమ్మును వేడి చేయడం నిషిద్ధం. గాలి తీసేసినా సరే. లోపల రబ్బరు మాడి పుట్టే వాయువులు టైరును పేల్చేస్తాయి.
- జాకీ మీద నమ్మకం పెట్టుకోకండి. ఛాసీ కింద స్టాండ్లు, గట్టి చెక్క దిమ్మలు పేర్చాలి. నేల మెత్తగా ఉంటే దిమ్మల కింద ఇనుప పలక.
- బ్రేకు డ్రమ్ముల్లో దుమ్మును గాలితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడవండి.
- కళ్లద్దాలు, తోలు చేతి తొడుగులు, నూలు బట్టలు. నైలాను చొక్కా మీద రవ్వ పడితే ఒంటికి అంటుకుంటుంది.
- నిప్పు పని చేసే చోట ఇసుక బకెట్టు, నీళ్ల బకెట్టు, మంటలార్పే సిలిండరు. పక్కన రెండో మనిషి.

3. కావాల్సిన సామాను

అన్నీ కొనక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట గ్యాసూ వెల్డింగూ రోజు లెక్కన మాట్లాడుకోవచ్చు. కానీ మొదటి ఆరూ మీ సొంతం అయి ఉండాలి.

- ఇనుప బ్రష్షులు రెండు, పాత సూదిలాంటి గీకుడు పుల్ల ఒకటి
- ఆరు మూలల సాకెట్లు, పొడవాటి రాడ్డు
- రింగు పానాలు, వాటిలో కొట్టుడు పానాలు రెండు మూడు సైజులు
- ఒక కిలో సుత్తి, ఒక సమ్మెట, పదునైన ఉలి, సెంటర్ పంచ్
- తుప్పు వదిలించే నూనె
- గ్రిప్ ప్లయరు, పైపు రెంచి
- నాలుగంగుళాల గ్రైండరు, పలచని కటింగు చక్రాలు
- గ్యాస్ టార్చి, కొవ్వొత్తులు
- వెల్డింగు సెట్టు, 2.5 ఎం.ఎం. కడ్డీలు
- డ్రిల్లింగు మిషను, మంచి బిట్లు, మర కోసే ట్యాపులు

పన్నెండు పళ్ల సాకెట్టు గురించి ఒక మాట. కొత్త బోల్టుకు అది బాగానే పనిచేస్తుంది. తుప్పు బోల్టుకు మాత్రం శత్రువు. అది బోల్టు తలను మూలల దగ్గర మాత్రమే పట్టుకుంటుంది, అక్కడే లోహం చెదిరిపోయి తల గుండ్రమవుతుంది. ఆరు మూలల సాకెట్టు చదును పక్కల మీద బలం పెడుతుంది. నాకు చూపించిన జారిన తలల్లో ఎక్కువ వాటికి కారణం పన్నెండు పళ్ల సాకెట్టో, వదులుగా ఉన్న డీ పానానో (నోరు తెరిచి ఉండే పానా).

4. కడగడం, గీకడం, నానబెట్టడం

ఇది ముందురోజు సాయంత్రం పని. వీలైతే రెండు రోజుల ముందు మొదలుపెట్టండి.

ముందు ప్రెషరు నీళ్లతో ఛాసీ కడిగి ఎండనివ్వండి. మట్టి, గ్రీజు మీద నూనె పోస్తే మట్టే తాగేస్తుంది, మరదాకా చేరదు. చేపల లోడు తిరిగిన బండికి ఉప్పు పొర కూడా ఉంటుంది, అది నీళ్లతోనే పోతుంది.

తర్వాత ఇనుప బ్రష్షు. నట్టు బయట కనిపిస్తున్న మరను మెరిసేదాకా రుద్దండి. ఈ పని చాలామంది మానేస్తారు. నట్టు కదిలాక అది ప్రయాణించాల్సింది ఆ మర మీదనుంచే. అక్కడ తుప్పు, రంగు ఉంటే నట్టు రెండు చుట్లు తిరిగి మళ్లీ పట్టేస్తుంది, అప్పుడు విరుగుతుంది. బయటికి మరీ ఎక్కువ పొడుచుకొచ్చిన మర ఉంటే, బోల్టు ఎలాగూ కొత్తది వేస్తాం కనుక, నట్టు అంచుదాకా కోసేయండి.

ఇప్పుడు నూనె. పలచగా ఉంటేనే మర సందుల్లోకి పాకుతుంది. డబ్బాల్లో దొరికే రస్టోలిన్, డబ్ల్యూడీ-40 లాంటివి వాడొచ్చు. ఆటోమేటిక్ గేర్లకు వాడే ఏటీఎఫ్ నూనె, అసిటోను సమానంగా కలిపిన మిశ్రమం కూడా బాగా పనిచేస్తుంది. అవి రెండూ విడిపోతుంటాయి, వాడే ప్రతిసారీ కుదపాలి. అసిటోను చాలా తేలిగ్గా అంటుకుంటుంది, కాబట్టి ఆ రోజు అక్కడ నిప్పు పని పెట్టుకోవద్దు. కిరసనాయిలు, డీజిలు కూడా పనిచేస్తాయి, సమయం ఎక్కువ పడుతుంది. ఇంజనులోంచి తీసిన కాలిన ఆయిలు మాత్రం దీనికి చిక్కన. అది తుప్పు పట్టకుండా పూయడానికి పనికొస్తుంది, పట్టేసిన మరలోకి దిగడానికి కాదు.

- నట్టు పైకి ఉంటే మీద, కిందికి ఉంటే బోల్టు తల వైపు నుంచి కూడా వేయండి.
- నూనె వేసిన వెంటనే బోల్టు తల మీద సుత్తితో నాలుగైదు గట్టి దెబ్బలు. అడ్డంగా కాదు, బోల్టు పొడవు దిశలో.
- రెండు మూడు గంటలకోసారి మళ్లీ నూనె, మళ్లీ దెబ్బలు.
- రాత్రంతా వదిలేయండి. ఉప్పునీటి బండికి కనీసం 24 గంటలు.

ఆ దెబ్బలు ఎందుకంటే, ఇనుము తుప్పుగా మారితే అంతకుముందు కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, మర సందులో బిగుసుకుపోతుంది. దెబ్బకు ఆ తుప్పు పొడి పగులుతుంది, పగులులోకి నూనె దిగుతుంది. నూనె ఒక్కటే పోసి కూర్చుంటే పైనే ఆరిపోతుంది.

5. సైజు, మర దిశ చూసుకోండి

తుప్పు గీకేశాక తల కొలత తగ్గుతుంది. 19 పానా పట్టాల్సిన తల నిజంగా 18కి దిగి ఉండొచ్చు. అలవాటు కొద్దీ 19 వేసి లాగితే జారుతుంది. ముందు చేత్తో సాకెట్టు పెట్టి ఆడించి చూడండి. ఆట ఉంటే అది ఆ బోల్టుకు సరిపడే సాకెట్టు కాదు.

మామూలుగా దొరికే సైజులు (ఎం8 అంటే మర మందం 8 ఎం.ఎం., పక్కనున్న అంకె పానా సైజు): ఎం8కి 13, ఎం10కి 17, ఎం12కి 19, ఎం14కి 22, ఎం16కి 24, ఎం20కి 30. తర్వాతి కొలతల పద్ధతిలో ఎం10కి 16, ఎం12కి 18, ఎం14కి 21 కూడా ఉంటాయి. పాత లేలాండు బళ్లలో అంగుళాల బోల్టులు కూడా తగులుతాయి, వాటికి ఎం.ఎం. పానా దగ్గరగా అనిపిస్తుంది కానీ సరిపోదు.

మర దిశ విషయంలో ఇంకా జాగ్రత్త. కొన్ని పాత బళ్లకు ఎడమ పక్క చక్రాల నట్లు ఎడమ మర. అవి విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. స్టడ్డు (నట్టు ఎక్కే మర కడ్డీ) చివర ఎల్ అనే అక్షరం కొట్టి ఉందేమో బ్రష్షుతో రుద్ది చూడండి. తెలియక అటు ఇటుగా తిప్పితే విప్పుతున్నాననుకుంటూ బిగిస్తారు, పదో నిమిషానికి స్టడ్డు తెగుతుంది.

6. మొదటి కదలిక

అసలు పని ఇదే. కండబలం మీద కాదు, చేతికి తెలిసే స్పర్శ మీద నడుస్తుంది.

మొదట బిగించే వైపు కొద్దిగా తిప్పండి. వెంట్రుకవాసి కదిలితే చాలు. తుప్పు బంధం తెగడానికి ఏ దిశ అయినా ఒకటే, కానీ ఆ వైపు బయటి తుప్పు మర అడ్డురాదు. కదలిక వచ్చాక విప్పే వైపు తిప్పండి.

బలాన్ని ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా పెంచండి. ఇప్పుడు మూడు రకాల జవాబులు వస్తాయి.

- "టక్" మని ఒక్క శబ్దం, తర్వాత తిరగడం. మంచిది, తుప్పు తెగింది.
- కిర్రుమంటూ బిగువుగా తిరగడం. ఆగండి. నూనె వేసి వెనక్కి తిప్పండి.
- శబ్దం లేకుండా, రబ్బరును మెలిపెడుతున్నట్టు మెత్తగా సాగడం. వెంటనే చేయి తీసేయండి. నట్టు తిరగట్లేదు, బోల్టు కాడ మెలి తిరుగుతోంది. ఇంకో పావు చుట్టుకు తెగుతుంది.

ఆ మూడో స్పర్శ గుర్తుపట్టడమే పనివాడికీ కొత్తవాడికీ తేడా. పనికిరాని బోల్టు ఒకటి వైసులో బిగించి, కావాలని తెగేదాకా తిప్పి చూడండి. చేతికి ఒకసారి తెలిస్తే మరిచిపోదు.

కదిలాక పావు చుట్టు బయటికి, అర పావు లోపలికి, నూనె. మళ్లీ పావు బయటికి. వెనక్కి తిప్పినప్పుడు తుప్పు పొడి నలిగి నూనెతో కలిసి బయటికొస్తుంది. ఒకే దిశలో లాగితే ఆ పొడే మేకులా అడ్డం పడుతుంది.

రాడ్డుకు పైపు తొడిగేవాళ్లు లెక్క ఒకటి గుర్తుంచుకోండి. మీటరు పొడవు చివర 20 కిలోల బలం పెడితే బోల్టు మీద సుమారు 200 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. 8.8 గ్రేడు ఎం10 బోల్టును మామూలుగా బిగించేదే 50 దగ్గర, ఎం12ను 85 దగ్గర. అంటే చిన్న బోల్టుకు పైపు తొడిగితే విప్పడానికి కాదు, విరగ్గొట్టడానికే. ఎం16 పైన ఉన్నవాటికే పైపు.

కొట్టుడు పానా, గాలి గన్ను ఇక్కడ పైపు కన్నా మేలు. దెబ్బ దెబ్బకూ తుప్పు అదురుతుంది, కాడ మెలి తిరిగే లోపే బలం తగ్గుతుంది. గన్ను తక్కువ బలం మీద పెట్టి అటూ ఇటూ మార్చి మార్చి వాడండి. పూర్తి బలంతో ఒకే వైపు నొక్కిపట్టకండి.

7. వేడి

నూనె, దెబ్బ, ఓపిక మూడూ అయ్యాక కూడా కదలకపోతే వేడి. ఇది అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి, అంతే ప్రమాదకరమైనదీ.

వేడి నట్టుకు పెట్టాలి, బోల్టుకు కాదు. ఉక్కు ప్రతి డిగ్రీకి మీటరుకు సుమారు 12 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. 20 ఎం.ఎం. నట్టు ఒక్కటే 300 డిగ్రీలు వేడెక్కితే దాని బెజ్జం 0.07 ఎం.ఎం. పెద్దదవుతుంది. చిన్న అంకెలా ఉంటుంది కానీ తుప్పు పొర పగలడానికి చాలు. రెండూ కలిపి వేడెక్కిస్తే రెండూ కలిసి ఉబ్బుతాయి, లాభం లేదు. అందుకే చిన్న మొన మంటతో త్వరగా నట్టు చుట్టూ తిప్పండి.

- నానబెట్టిన నూనెను ముందు గుడ్డతో తుడిచేయండి. అసిటోను వాడిన చోట మరుసటి రోజు కూడా జాగ్రత్తగా చూడండి.
- క్లోరిన్ కలిసిన బ్రేకు క్లీనరు కొట్టిన చోట మంట పెట్టకండి. విషవాయువు పుడుతుంది.
- జింకు పూత ఉన్న బోల్టును కాలిస్తే వచ్చే తెల్ల పొగ జ్వరం తెప్పిస్తుంది. పసుపు పూత పాత బోల్టుల మీద క్యాడ్మియం ఉండొచ్చు, అది ఇంకా చెడ్డది. పూతను ముందు గీకేసి, గాలి తగిలే చోట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడండి.
- నట్టు మసక ఎరుపు రంగుకు రాగానే మంట ఆపండి.
- ఎరుపు పోయేదాకా ఆగి, కొవ్వొత్తిని మర మొదట్లో తాకించండి. మైనం కరిగి సందులోకి దిగిపోతుంది. ఎర్రటి లోహం మీద నూనె కొడితే మంట లేస్తుంది, మైనమే మేలు.
- వెచ్చగా ఉండగానే తిప్పండి. కదలకపోతే చల్లారనిచ్చి మళ్లీ వేడి. మూడుసార్లు వేడెక్కి చల్లారితే చాలా బోల్టులు లొంగుతాయి.

ఎర్రగా కాల్చిన బోల్టును తిరిగి వాడకండి. దాని గట్టిదనం పోతుంది. కమాను పట్టీల మీద, స్టీరింగు భాగాల మీద మంట పడనివ్వకండి, అవి తర్వాత ఇంకో బండికి ఎక్కుతాయి.

8. తల జారిపోతే

జారిందని తెలియగానే ఆపేయండి. ఇంకొకసారి, ఇంకొకసారి అంటూ తిప్పితే మిగిలిన మూలలు కూడా పోతాయి. కింది వరుసలో పై నుంచి కిందికి ప్రయత్నించండి, ఒక మెట్టు దాటి దూకొద్దు.

మొదటిది, చిన్న సైజు సాకెట్టును సుత్తితో కొట్టి ఎక్కించడం. 13కి అరంగుళం, అంటే 12.7. 17కి 16. 19కి 18. 24కి 15/16 అంగుళం, అది 23.8. ఆరు మూలలదే వాడండి. సాకెట్టు పాతదై ఉండాలి, పోయినా బాధపడకూడదు.

రెండోది, తలను ఆకురాయితోనో గ్రైండరుతోనో రెండు వైపులా చదును చేసి ఒక సైజు తక్కువ పానా వేయడం. లేదా పైపు రెంచి. తల ఎత్తుగా ఉంటేనే రెంచి పడుతుంది.

మూడోది, ఉలి. తల అంచున చిన్న గాటు పెట్టి, ఉలిని ఏటవాలుగా పట్టి, విప్పే దిశలో కొట్టడం. పాత పద్ధతే, ఎం12 లోపు బోల్టులకు ఇప్పటికీ బాగా పనిచేస్తుంది.

నాలుగోది, జారిన తల మీద పెద్ద నట్టు పెట్టి లోపలి నుంచి వెల్డింగు. దీనివల్ల పట్టూ దొరుకుతుంది, బోల్టుకు వేడీ తగులుతుంది. నాకు ఎక్కువ బోల్టులు వచ్చింది ఈ మెట్టు మీదే. ఎరుపు పోయేదాకా ఆగి తిప్పాలి, ఆత్రపడితే అతుకు తెగుతుంది.

అయిదోది, నట్టు పగలగొట్టడం. గ్రైండరుతో నట్టు చదును పక్క మీద, బోల్టు పొడవుకు సమాంతరంగా, మర అంచు తాకేదాకా గాటు కోయండి. ఆ గాటులో ఉలి పెట్టి ఒక్క దెబ్బ. నట్టు విచ్చుకుంటుంది, స్టడ్డు మర దాదాపు చెక్కుచెదరదు. స్టడ్డును కాపాడాల్సిన చోట దీన్ని పై మెట్లన్నిటికన్నా ముందే వాడొచ్చు.

బోల్టూ నట్టూ కలిసి తిరుగుతుంటే, తల కింద ఉలో స్క్రూడ్రైవరో దూర్చి పైకి లేపుతూ తిప్పండి. ఆ ఒత్తిడికి తల పట్టుకుంటుంది.

9. బెజ్జంలోపల విరిగితే

కొద్దిగానైనా బయటికి మిగిలి ఉంటే గ్రిప్ ప్లయరు, లేదా నట్టు వెల్డింగు. బెజ్జం అంచుకు సమంగా విరిగినా వెల్డింగు పనిచేస్తుంది: విరిగిన కాడ మధ్యలో చుక్క చుక్కగా లోహం పోసి ఎత్తు చేసి, దాని మీద వాషరు, వాషరు మీద నట్టు. అల్యూమినియం హౌసింగులో విరిగిన ఉక్కు బోల్టుకు ఇది మరీ అనువు, ఎందుకంటే ఉక్కు కడ్డీ లోహం అల్యూమినియానికి అతకదు.

అదీ కుదరకపోతే డ్రిల్లు. ఇక్కడ తొందరపాటుకు శిక్ష పెద్దది.

- విరిగిన ముఖాన్ని చదును చేయండి. చదును లేకపోతే బిట్టు పక్కకు జారుతుంది.
- సరిగ్గా మధ్యలో సెంటర్ పంచ్. తప్పితే ఇప్పుడే సరిచేయండి, తర్వాత కుదరదు.
- 3 ఎం.ఎం. బిట్టుతో మొదలుపెట్టి, మిషను నిటారుగా పట్టి, నెమ్మది వేగంతో, నూనె వేస్తూ.
- 5, 6.5, 8 ఇలా మెట్లు మెట్లుగా పెంచండి.
- ఎడమ వైపు తిరిగి తొలిచే బిట్లు దొరికితే అవే వాడండి. తొలుస్తుండగానే చాలాసార్లు ముక్క బయటికొచ్చేస్తుంది.

తొలిచిన బెజ్జంలో దింపి, విరిగిన ముక్కను విప్పే వైపు తిప్పి తీసే పనిముట్టు ఎక్స్‌ట్రాక్టరు. అది చాలా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. లోపల అది విరిగితే మామూలు బిట్టు దాన్ని తొలవలేదు. ఒకసారి మానిఫోల్డు స్టడ్డులో నేను అలా విరగ్గొట్టాను. పావుగంట వేడి చేయడానికి ఓపిక లేక చేసిన పని. ఆ హెడ్డును మిషను షాపుకు పంపాల్సి వచ్చింది. అప్పటినుంచి ఎక్స్‌ట్రాక్టరుకు ముందు ప్రతిసారీ వేడి పెడతాను, చేత్తో పెట్టే బలానికి రాకపోతే తీసేసి పూర్తిగా తొలిచేస్తాను.

పూర్తిగా తొలవాలంటే మరకు సరిపడే బిట్టు: ఎం8కి 6.8, ఎం10కి 8.5, ఎం12కి 10.2, ఎం16కి 14. ఇవి మామూలు మరకు. బెజ్జం మధ్యలోనే పడితే పాత మర తీగలా చుట్టుకుని ఊడివస్తుంది. తర్వాత ట్యాపు: అర చుట్టు ముందుకు, పావు వెనక్కి, నూనె. మర పోయిందని తేలితే హెలికాయిల్ (బెజ్జంలో కొత్త మరగా కూర్చునే తీగ చుట్ట) వేయించండి, పెద్ద సైజు బోల్టుకు మార్చడం కన్నా అదే మంచిది.

10. చోటును బట్టి మారేవి

యూ బోల్టులు: ఛాసీని స్టాండ్ల మీద ఎత్తి, కమాను మీద భారం లేకుండా చేశాకే కోయండి. యాక్సిలు కింద విడిగా దిమ్మలు ఉండాలి. సెంటర్ బోల్టు తీసే ముందు కమాను కట్టకు రెండు పక్కలా సీ క్లాంపులు బిగించండి. వంపులు వేరువేరుగా ఉన్న పట్టీలు, బోల్టు తెగగానే ఎగిరిపడతాయి.

చక్రం నట్లు: ఎక్కువగా 32 లేదా 33 సాకెట్టు. చక్రం నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేసి, తర్వాత ఎత్తండి. టైరు ఉన్నంతవరకు ఇక్కడ గ్యాసు లేదు. నట్టును గ్రైండరుతో గాటు పెట్టి పగలగొట్టాలి, రవ్వలు టైరు మీద పడకుండా తడి గోనెపట్టా కప్పాలి.

ఎగ్జాస్టు మానిఫోల్డు: ఏళ్ల వేడికి స్టడ్లు పెళుసెక్కి ఉంటాయి. మెలితిప్పే బలాన్ని అసలు తట్టుకోవు. నేరుగా నట్టు వేడి, కొవ్వొత్తి, లేదా నట్టు పగలగొట్టడం. మానిఫోల్డు ఊడాక స్టడ్డు మీద రెండు నట్లు ఎదురెదురుగా బిగించి, కింది నట్టుతో స్టడ్డును తిప్పండి.

గేర్‌బాక్సు అల్యూమినియం హౌసింగు: ఉక్కు బోల్టు చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే రెండు లోహాలు ఒకదాన్నొకటి తిన్నాయని అర్థం. ఇక్కడ మాత్రం వేడి హౌసింగుకు పెట్టాలి. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. నీటి చుక్క పడగానే చుర్రుమని ఆవిరయ్యేంత వేడి చాలు. అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీలు చేరకముందే ఒక్కసారిగా కరుగుతుంది.

బ్రేకు పైపు నట్లు: పైపును వదులుకునేటట్టయితే నట్టు మొదట్లో పైపును కోసేయండి. అప్పుడు డీ పానా బదులు రింగు పానా, సాకెట్టు నేరుగా ఎక్కుతాయి.

చెక్క బాడీ బోల్టులు: గుండు తల కింద చతురస్రపు మెడ చెక్కలో కుళ్లి, బోల్టు ఖాళీగా తిరుగుతుంది. గ్యాసు పెట్టకండి, పాత చెక్కలో నూనె నిండి ఉంటుంది. గ్రైండరుతో నట్టు కోసి, బోల్టును తల వైపుకు కొట్టేయండి.

ఛాసీ రివెట్లు: ఇవి విప్పేవి కావు. తల గ్రైండరుతో చదును చేసి, మధ్యలో తొలిచి, పంచ్‌తో బయటికి కొట్టాలి.

11. పని ఆగిపోయినప్పుడు చూసుకోండి

- నట్టు రెండు చుట్లు తిరిగి పట్టేసింది: బయటి మర రుద్దలేదు. వెనక్కి బిగించి, రుద్ది, నూనె వేసి మళ్లీ.
- ఎంత వేడి చేసినా కదలట్లేదు: మంట మరీ పెద్దది, బోల్టు కూడా కలిసి వేడెక్కుతోంది. పూర్తిగా చల్లార్చి చిన్న మొనతో మొదలుపెట్టండి.
- వెల్డింగు నట్టు ప్రతిసారీ ఊడుతోంది: కింద తుప్పు, నూనె మిగిలింది. గ్రైండరుతో మెరిసే లోహం దాకా తీయండి. కరెంటు కొంచెం పెంచండి.
- డ్రిల్లు పక్కకు పోయింది: ఇంకా లోతుకు వెళ్లకండి. మిషను షాపుకు ఇవ్వాల్సిన దశ ఇదే.
- క్యాబిన్ పెట్టె లోపలి నట్టు ఊడి తిరుగుతోంది: తల కోసేయండి, లోపలిది తర్వాత సంగతి.
- వరుసగా మూడు బోల్టులు విరిగాయి: నానలేదు. ఆ రోజుకు ఆపి నూనె వేసి ఇంటికెళ్లండి.

12. విప్పిన వెంటనే

తీసిన బెజ్జాలలో ట్యాపును చేత్తో ఒకసారి తిప్పి, గాలితో ఊది, నూనె చుక్క వేయండి. ఈ రోజు శుభ్రంగా ఉన్న మర, వానాకాలంలో షెడ్డు చూరు కింద నెలరోజులుంటే మళ్లీ పడుతుంది. స్టడ్లకు గ్రీజు రాసి పాలిథీన్ చుట్టండి. కాల్చినవి, మెలి తిరిగినవి, మర సాగినవి ఒక డబ్బాలో వేరుగా తుక్కుకు. పనికొచ్చేవి ఏ భాగానివో ఆ భాగానికే తీగతో కట్టండి. అంగుళాల బోల్టు ఎం.ఎం. డబ్బాలో కలిస్తే, మళ్లీ బిగించేవాడు దాన్ని బలవంతంగా ఎక్కించి మీరు కాపాడిన మరను పాడుచేస్తాడు.